ముందు మోచేయి చూడండి: కీళ్లున్న ఫ్యాషన్ బొమ్మల సేకరణ

నేను విశాఖపట్నం మురళీనగర్‌లో జాకెట్లు కుడతాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మిషను పక్కన గోడకి ఒక అద్దాల బీరువా ఉంది. అందులో పద్నాలుగు బొమ్మలున్నాయి. అన్నీ పదకొండున్నర అంగుళాలవే. అన్నిటికీ మోచేయి, మణికట్టు, మోకాలు, చీలమండ వంగుతాయి. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు "మీ అమ్మాయివా?" అని అడుగుతారు. నావేనని చెప్తాను. కాసేపయ్యాక చాలామంది "ఇలా కూర్చునే బొమ్మ ఎక్కడ దొరుకుతుందండీ?" అంటారు. పాప కోసం అడిగేవాళ్లు కొందరైతే, గొంతు తగ్గించి తమ కోసమే అడిగేవాళ్లు ఇంకొందరు. వాళ్లకి విడివిడిగా చెప్పే సంగతులన్నీ ఇక్కడ రాస్తున్నాను.

మా మేనకోడలి పుట్టినరోజుకి ఒక బార్బీ కొని, దానికి పట్టు లంగా, జాకెట్టు కుట్టి ఇచ్చాను. పాప దాన్ని పీట మీద కూర్చోబెట్టాలని చూసింది. కాళ్లు రెండూ కర్రల్లా ముందుకు చాచుకుని, లంగా మీదకి లేచిపోయి, బొమ్మ వెనక్కి పడిపోయింది. "అత్తా, దీనికి కూర్చోవడం రాదా?" అంది. ఆ మాట నాకు పట్టుకుంది. కూర్చుంటే, వంగితే, చెయ్యి ఎత్తితే ఎలా ఉంటుందో చూసే కదా మనం మనిషికి బట్ట కుడతాం! ఆ తర్వాత ఏడాది, 2017లో, మోకాళ్లు మడిచి బాసింపట్టు వేసుకుని కూర్చునే బొమ్మ ఒకటి నా చేతికి వచ్చింది. అప్పటినుంచి కీళ్లు లేని ఒంటితో ఏ బొమ్మనీ నా బీరువాలో ఉంచలేదు.

ఏ ఒళ్లు ఎలాంటిది

1959 మార్చిలో న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో మాటెల్ కంపెనీ మొదటి బార్బీని చూపించింది. దానికి మెడ, భుజాలు, తుంటి మాత్రమే కదిలేవి. 1965లో మోకాలు వంగింది. 1967లో నడుము తిరిగింది. 1970లో లివింగ్ బార్బీ అనే పేరుతో మోచేతులు, మణికట్లు కదిలే బొమ్మ వచ్చింది. తర్వాత చాలా ఏళ్లు ఈ కీళ్లు ఒక బొమ్మకి వస్తూ, ఇంకో బొమ్మకి పోతూ ఉన్నాయి. మగపిల్లల కోసం హాస్‌బ్రో కంపెనీ 1964లోనే చేసిన జీ.ఐ. జో సైనికుడికి మాత్రం మొదటినుంచీ ఒళ్లంతా కీళ్లే. మగపిల్లల బొమ్మ పరుగెత్తాలి, పాకాలి. ఆడపిల్లల బొమ్మ బట్ట కట్టుకుని నిలబడితే చాలు. అలా అనుకున్నారు కాబోలు. నాకు అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2015లో మాటెల్ మేడ్ టు మూవ్ అనే బొమ్మల్ని తెచ్చింది. ఒంట్లో 22 చోట్ల కదులుతుంది. రొమ్ము కింద కూడా ఒక కీలు ఉంటుంది కాబట్టి నడుము పక్కకి వాలుతుంది. తొడ పైభాగం గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి బాసింపట్టు పడుతుంది. రెండు చేతులూ రొమ్ము ముందు కలిపి నమస్కారం పెడుతుంది. కొత్తవాళ్లెవరికైనా మొదటి బొమ్మగా దీన్నే చెప్తాను. ధర మరీ ఎక్కువ కాదు, మన దేశంలో దొరుకుతుంది, బట్టలకి నమూనాలు కూడా బోలెడున్నాయి.

కొనేటప్పుడు ముందు మోచేయి చూడండి. మోచేతి దగ్గర, మోకాలి దగ్గర అడ్డంగా గీత, ఆ గీత మధ్య గుండ్రటి కీలు స్పష్టంగా కనిపించాలి. మోకాలు నున్నగా ఉండి, వంచితే లోపల టక్ టక్ మంటూ రెండు మూడు మెట్లలో ఆగితే అది వేరే రకం. వినైల్ అనే మెత్తటి ప్లాస్టిక్ తొడుగు లోపల కీలు దాచి ఉంటుంది. అది కుర్చీలో కూర్చోగలదు గానీ నేల మీద కాలు మడవలేదు. మూడో రకానికి ఏమీ వంగదు. ఆన్‌లైన్లో పెట్టే ఫొటోల్లో బట్టలు మోకాళ్లని కప్పేస్తాయి. అప్పుడు చేతులు చూడండి. పొట్టి చేతుల గౌను వేసుకున్న బొమ్మ మోచెయ్యి నున్నగా ఉంటే కాళ్లు కూడా అలాగే ఉంటాయని అనుకోవచ్చు.

పెట్టె మీద పేరుని నమ్మి మోసపోకండి. ఫ్యాషనిస్టాస్ అనే వరసలో 2009 ప్రాంతంలో వచ్చిన మొదటి బొమ్మలకి కీళ్లుండేవి. తర్వాత పేరు ఉంచి కీళ్లు తీసేశారు. ఇప్పుడు దుకాణంలో ఆ పేరుతో కనిపించేవి ముఖాల్లో, జుట్టులో, ఒంటి రంగులో ఎంతో వైవిధ్యంగా ఉంటాయి. వాటిని చూస్తే నాకూ చెయ్యి ఆగదు. కానీ చాలావాటికి మోచేయి వంగదు. 2021లో మొదలైన బార్బీ లుక్స్ వరసలోవి కీళ్లున్న ఒళ్లే. ముఖాలు పెద్దవాళ్ల ముఖాల్లా ఉంటాయి, కాస్త ధర ఎక్కువ.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. 2016లో బార్బీకి నిండు ఒళ్లు, పొడుగు ఒళ్లు, పొట్టి ఒళ్లు అని కొత్త ఆకారాలు వచ్చాయి. కీళ్లున్న వాటిలోనూ సన్నటి ఒళ్లు, నిండు ఒళ్లు రెండూ దొరుకుతాయి. ఒకదాని జాకెట్టు ఇంకోదానికి పట్టదు. నిండు ఒంటి బొమ్మకి చీర చక్కగా నిలుస్తుందని నా అనుభవం. తుంటి దగ్గర కుచ్చిళ్లకి ఆసరా ఉంటుంది.

బార్బీ ఒక్కటే కాదు. అమెరికాలో ఇంటెగ్రిటీ టాయ్స్ అనే సంస్థ ఫ్యాషన్ రాయల్టీ బొమ్మల్ని పెద్దవాళ్ల కోసమే చేస్తుంది. వాటిని రూపొందించిన జేసన్ వూ తర్వాత బట్టల డిజైనర్‌గా పేరు తెచ్చుకున్నాడు. జపాన్‌లో మొమోకో ఉంది, 27 సెంటీమీటర్లు. అదే కొలతలో ఒబిట్సు కంపెనీ తల లేకుండా ఉత్త ఒళ్లే అమ్ముతుంది. పిల్లలకి నచ్చే మాన్‌స్టర్ హైకి, 2020లో వచ్చిన రెయిన్‌బో హైకి కూడా మంచి కీళ్లున్నాయి గానీ తల పెద్దది, ఒళ్లు వేరే కొలత. ఒకే కొలతకి కట్టుబడితే బట్టలు, సామాన్లు అన్నిటికీ కలుస్తాయి. అందుకే నేను బార్బీ కొలత దాటలేదు.

విదేశాల నుంచి తెప్పించాలనుకునేవాళ్లు ఒక లెక్క తెలుసుకోవాలి. మన దేశంలో బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. 2021 జనవరి 1 నుంచి ఇక్కడ అమ్మే బొమ్మలకి ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేశారు. అందుకని ముందు ఇక్కడి దుకాణాల్లో దొరికేవాటితో మొదలుపెట్టండి. నా దగ్గరున్న రెండు లుక్స్ బొమ్మల్ని డాలస్‌లో ఉంటున్న మా పెద్దనాన్న కూతురు సెలవులకి వచ్చినప్పుడు బట్టల మధ్య పెట్టుకుని తెచ్చింది.

పాతది కొనేటప్పుడు

వాడిన బొమ్మలు కొనడం నాకు ఇష్టం. పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఇంట్లోవాళ్లు సంచీ కట్టి అమ్మేస్తుంటారు. కానీ ఇక్కడ ఒక మాట పదే పదే వినిపిస్తుంది. "వీపు మీద 1966 అని ఉంది చూడండి, అరవై ఏళ్ల నాటిది" అంటారు. ఆ అంకె బొమ్మ తయారైన సంవత్సరం కాదు. ఆ ఒంటి అచ్చుకి హక్కు నమోదైన సంవత్సరం. తిరిగే నడుమున్న ఆ అచ్చుని కంపెనీ దశాబ్దాల తరబడి వాడింది. 1990ల్లో వచ్చిన బొమ్మల మీద కూడా 1966 అనే ఉంటుంది. అలాగే బొడ్డు ఉన్న ఒంటి మీద 1999 అని ఉంటుంది. ముఖం అచ్చు సంవత్సరం వేరే, అది తల వెనక మెడ అంచు దగ్గర జుట్టు కింద ఉంటుంది. ఈ రెండు అంకెల్లో పెద్దది ఏదైతే, బొమ్మ దాని తర్వాతే పుట్టిందని మాత్రం చెప్పొచ్చు. ఈ ఒక్క విషయం తెలిస్తే చాలా డబ్బు మిగులుతుంది.

పాతదైనా కొత్తదైనా చేతికి రాగానే పది నిమిషాలు కూర్చుని ఒళ్లంతా చూడండి. నేను ఎప్పుడూ పైనుంచి కిందికి వెళ్తాను. మెడ అటూ ఇటూ తిప్పి, పైకీ కిందికీ ఆడించి చూస్తాను. చెయ్యి భుజం ఎత్తుకి లేపి వదిలేస్తాను. అక్కడే ఆగితే కీలు గట్టిగా ఉన్నట్టు, నెమ్మదిగా దిగిపోతే వదులైనట్టు. మోచేయి వంచి, మణికట్టు తిప్పుతాను. తర్వాత పాదాలు పట్టుకుని బొమ్మని తలకిందులు చేస్తాను. మోకాళ్లు వాటంతటవే మడుచుకుపోతే ఆ బొమ్మ ఫొటోకి నిలబడదు. చివరగా బల్ల మీద కూర్చోబెట్టి, రెండు తుంట్లూ సమానంగా ఉన్నాయా, ఒక కాలు పొడుగ్గా కనిపిస్తోందా చూస్తాను. ఇవన్నీ బట్టలు విప్పాకే చెయ్యాలి. ఒకసారి ఆన్‌లైన్లో ఒక అమ్మకందారు దగ్గర పేరులేని కంపెనీ ఒళ్లు మూడు ఒకేసారి కొన్నాను. చవగ్గా వచ్చాయి. మూడింటికీ తుంటి వదులే, మూడూ కూర్చుంటే వాలిపోయేవే. వెనక్కి తీసుకోమన్నా తీసుకోలేదు. ఒకటి కొని చూసి, తర్వాత మిగతావి కొనాలని అప్పుడు నేర్చుకున్నాను.

కీళ్లకి చెయ్యాల్సినవి, చెయ్యకూడనివి

నా మొదటి మేడ్ టు మూవ్ బొమ్మని డిసెంబర్‌లో అరకు తీసుకెళ్లాను. పొద్దున్నే మంచులో వలిసె పూల మధ్య ఫొటో తియ్యాలని ఆశ. చలికి నా వేళ్లే వంగడం లేదు. బొమ్మ చేతిని వెనక్కి తిప్పబోయాను, మణికట్టు పుటుక్కుమంది. చల్లబడిన ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. పైగా ఈ ఒంట్లో అన్నిటికన్నా బలహీనమైన చోటు మణికట్టే, ఎందుకంటే అక్కడి పుల్ల అన్నిటికన్నా సన్నం. ఇంటికొచ్చి సన్నటి తీగ గుచ్చి అతికించాను. ఆ బొమ్మకి ఇప్పటికీ పొడుగు చేతుల జాకెట్లే కుడతాను, మచ్చ కనబడకుండా. అప్పటినుంచి నా నియమం ఏమిటంటే, కీలు బిగుసుకుంటే బలం వాడను, వెచ్చదనం వాడతాను. చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్లలో ఒక నిమిషం ముంచి, తీసి, మెల్లగా అటూ ఇటూ ఆడించాలి. కొత్త బొమ్మ కీలు మొదటిసారి కదలనంటే కూడా ఇదే మందు. నీళ్లు కీళ్ల లోపల నిలుస్తాయి కాబట్టి తర్వాత బట్ట మీద పడుకోబెట్టి, మధ్యలో తిప్పుతూ ఒక రోజంతా ఆరనివ్వాలి.

కిర్రుమంటోందని కొబ్బరినూనె వెయ్యకండి. మిషను నూనె కూడా వద్దు. మా మిషనుకి వేసే నూనె చుక్క వేస్తే మొదట హాయిగా తిరుగుతుంది. వారం తిరిగేసరికి దుమ్ము పట్టి నల్లటి గీతలు వస్తాయి, అవి బట్టలకి అంటుకుంటాయి. 

వదులైన కీలుకి నేను ఫెవికాల్ వాడతాను. ఒక చుక్క ఫెవికాల్‌లో ఒక చుక్క నీళ్లు కలిపి, సూది మొనతో కీలు సందులోకి పంపి, నాలుగైదుసార్లు ఆడించి, రాత్రంతా వదిలేస్తాను. మధ్యలో ఒకటి రెండుసార్లు కదిపితే అతుక్కుపోదు. ఆరాక లోపల సన్నటి పొర మిగిలి కీలు పట్టు దొరుకుతుంది. నచ్చకపోతే గోరువెచ్చటి నీళ్లతో పోతుంది. వెంటనే అతుక్కునే జిగురు మాత్రం కీళ్ల దగ్గరికి తేవద్దు. ఒక్క క్షణం ఆలస్యమైతే కీలు శాశ్వతంగా బిగుసుకుపోతుంది. గోళ్ల రంగు తీసే ద్రవం ఒంటి ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, ముఖం రంగుని చెరిపేస్తుంది. మరకలు తుడవడానికి కూడా దాన్ని వాడకండి.

తల మార్చడం

నచ్చిన ముఖం కీళ్లు లేని ఒంటి మీద ఉంటే ఏం చెయ్యాలి? సేకరించేవాళ్లలో చాలామంది తల తీసి వేరే ఒంటికి పెడతారు. నా పద్నాలుగింటిలో ఆరు అలాంటివే. కష్టమైన పని కాదు గానీ తొందర పనికిరాదు. మెడ చివర బుడిపె లాంటిది ఉంటుంది, తల లోపలి రంధ్రం దాన్ని పట్టుకుని ఉంటుంది. తల వినైల్ వెచ్చబడితే మెత్తబడి వదులుతుంది. నేను హెయిర్ డ్రయ్యర్‌తో మెడ చుట్టూ రెండు నిమిషాలు వేడి పెడతాను. వేడి నీళ్లలో ముంచితే జుట్టు లోపల తడి నిలుస్తుంది. తర్వాత తలని పక్కల నుంచి నొక్కి, కొంచెం అటూ ఇటూ ఊపుతూ పైకి తీస్తాను. మెడని వంచి లాగితే బుడిపె విరుగుతుంది, అప్పుడు ఆ ఒళ్లు ఇంక పనికిరాదు. పెట్టేటప్పుడు తలని మళ్లీ వెచ్చచేసి, మొదట వెనకవైపు అంచు ఎక్కించి, తర్వాత గడ్డం కిందకి నొక్కాలి.

అసలు ఇబ్బంది రంగు దగ్గర వస్తుంది. కీళ్లున్న ఒళ్లు కొన్ని చాయల్లోనే వస్తాయి, ముఖాలు మాత్రం ఎన్నో చాయల్లో ఉంటాయి. ట్యూబ్‌లైట్ కింద ఒకేలా కనిపించిన తల, ఒళ్లు పొద్దున ఎండలో చూస్తే ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. మ్యాచింగ్ జాకెట్టు బట్ట తీసుకునేటప్పుడు దుకాణం బయటికొచ్చి వెలుతురులో చూస్తాం కదా, అలాగే చూడాలి. కొద్ది తేడా ఉంటే మెడలో నల్లపూసలో, కాస్త ఎత్తు మెడ జాకెట్టో సరిచేస్తుంది.

బట్టలు

ఇది నా పని కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. పదకొండున్నర అంగుళాల బొమ్మ సుమారుగా మనిషిలో ఆరో వంతు. ఐదున్నర మీటర్ల చీర ఈ లెక్కన 92 సెంటీమీటర్లు అవుతుంది, వెడల్పు 19 సెంటీమీటర్లు. కానీ బట్ట మందం ఆరో వంతు కాదు, బరువూ ఆరో వంతు కాదు. అసలు పట్టు ముక్క కోసి కడితే బొమ్మ నడుము గాదెలా కనిపిస్తుంది, కుచ్చిళ్లు గొడుగులా విచ్చుకుంటాయి. అందుకే బాగా వాడి మెత్తబడిన మల్లు గుడ్డ, పాత షిఫాన్ చున్నీ, నలిగిన పల్చటి సిల్కు వాడండి. లోపల కనబడకుండా చుట్టే మొదటి చుట్టు కోసేసి, మొత్తం 75 సెంటీమీటర్లు ఉంచితే నడుము సన్నగా నిలుస్తుంది. అంచుకి పావు అంగుళం జరీ లేసు చాలు.

మనం పోసే కుచ్చిళ్లు దాదాపు ఐదు అంగుళాలు. బొమ్మకి రెండు సెంటీమీటర్లు వస్తాయి. ఐదో ఆరో పోసి, వాటిని బొమ్మ మీద కాకుండా బల్ల మీదే మడిచి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసి, పైన రెండు దారం పోగులతో కుట్టండి. తర్వాత కట్టి, కింద అంచు దగ్గర బట్టల క్లిప్పు పెట్టి, మీద కాస్త నీళ్లు చిలకరించి, ఆరేదాకా వదిలేస్తే కుచ్చిళ్లు కిందికి జారి నిలుస్తాయి. పిన్నీసు ఒంటికి గుచ్చుకోకూడదు. వినైల్‌లో రంధ్రం పడుతుంది, మన ఉప్పు గాలికి పిన్ను తుప్పు పట్టి మరక దిగుతుంది. గుండ్రటి తల ఉన్న సన్న పిన్ను బట్టకి బట్టకి మధ్యే పెట్టి, ఫొటో అయ్యాక తీసెయ్యండి.

జాకెట్టు కొలత కీళ్లున్న బొమ్మకి వేరే. చెయ్యి పైకెత్తినప్పుడు మామూలు జాకెట్టు రొమ్ము మీదకి లేచిపోతుంది. మనుషులకి డాన్సు జాకెట్టు కుట్టేటప్పుడు చంక కింద చదరపు ముక్క వేస్తాం. బొమ్మకీ అదే వెయ్యండి, ఒక సెంటీమీటరు చదరం చాలు. వెనక వెల్క్రో పెడితే జుట్టుకి పట్టేసి పీకుతుంది. చిన్న టిచ్ బటన్లు రెండు పెట్టండి. వేళ్లు విడివిడిగా ఉన్న చెయ్యి సన్నటి చేతి గొట్టంలో దూరదు. లోపల బట్ట పోగుల్లో వేలు చిక్కుకుంటే మణికట్టు మీద ఒత్తిడి పడుతుంది. చేతికి చిన్న పాలిథిన్ ముక్క తొడిగి, జాకెట్టు ఎక్కించి, తర్వాత పాలిథిన్ లాగెయ్యండి. సర్రున జారుతుంది.

నలుపు, ముదురు నీలం, ఎరుపు రంగులు వినైల్‌కి దిగిపోతాయి. కొత్త ముక్కని తడిపి, తెల్లగుడ్డ మీద పెట్టి ఇస్త్రీ చేసి చూడండి. తెల్లగుడ్డకి రంగు అంటితే బొమ్మకి కూడా అంటుతుంది. దిగనిదైనా లోపల తెల్లటి లైనింగ్ వెయ్యడం మంచిది. ఇప్పటికే మరక పడితే మందుల షాపులో మొటిమలకి అమ్మే బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ పనిచేస్తుంది. మరక మీద మాత్రం రాసి, పల్చటి ప్లాస్టిక్ చుట్టి, ఎండలో పెట్టాలి. మన ఎండకి గంటకోసారి చూడాలి. ఎక్కువసేపైతే మరకతో పాటు ఒంటి రంగు కూడా తెల్లబడుతుంది. రంగు వేసిన పెదవులకీ కళ్లకీ అది తగలకూడదు.

నిలబెట్టడం, ఫొటో తియ్యడం

ఇన్ని కీళ్లున్నా బొమ్మ దానంతట అది ఎక్కువసేపు నిలబడదు. అడుగు చిన్నది, తల బరువు. నడుము పట్టుకునే స్టాండు కన్నా కాళ్ల మధ్య ఆసరా ఇచ్చేది మంచిది, నడుము కీలు స్వేచ్ఛగా ఉంటుంది. ఫొటోలో స్టాండు కనబడకూడదంటే సన్నటి నైలాను వల దారం కొనండి. మాకు ఫిషింగ్ హార్బరు దగ్గర దొరుకుతుంది. నడుముకి కట్టి పైన కిటికీ ఊచకి వేలాడదీస్తే కంటికి ఆనదు.

భంగిమ కోసం మన గుడి శిల్పాలకన్నా మంచి గురువు లేదు. త్రిభంగి చూడండి. బరువంతా ఒక కాలి మీద ఉంటుంది, రెండో మోకాలు కాస్త వదులుగా, నడుము ఒక పక్కకి, మెడ ఇంకో పక్కకి. మేడ్ టు మూవ్ ఒంటికి రొమ్ము కింద కీలు ఉండటం వల్ల ఇది చక్కగా కుదురుతుంది. మోచేయి ఎప్పుడూ పూర్తిగా చాచకండి, వేలెడంత వంపు ఉంచండి. అప్పుడే చేతికి ప్రాణం వస్తుంది. చూపు ఎటు ఉందో తల అటు కొద్దిగా తిప్పాలి. ఈ ఒంటికి రానివి కూడా ఉన్నాయి. వేళ్లు చేతితో పాటే అచ్చులో పోసినవి, విడిగా కదలవు కాబట్టి కూచిపూడి ముద్రలు పట్టవు. గొంతుక్కూర్చోబెడితే వెనక్కి పడిపోతుంది. ముగ్గు వేస్తున్నట్టు కావాలంటే ఒక మోకాలు నేల మీద ఆనించి, ఎడమ చెయ్యి రెండో మోకాలి మీద పెట్టి, కుడి చెయ్యి నేలకి దించాలి. మూడు చోట్ల ఆనితే పడదు. ఫోను మీ కంటి ఎత్తులో కాకుండా బొమ్మ కంటి ఎత్తులో పెట్టండి. పొద్దున ఎనిమిదింటికి కిటికీ పక్క వెలుతురు చాలు, ఫ్లాష్ వద్దు, ముఖం ప్లాస్టిక్ అని తెలిసిపోతుంది.

సామాన్లకి ఏటికొప్పాక లక్క పిడతలు చూడండి. అంకుడు కర్రతో చేసి రంగు లక్క పూసిన ఆ చిన్న బిందెలు, తిరగలి, పొయ్యి బొమ్మ పక్కన ఇంచుమించు సరిపోతాయి. మా ఊరికి దగ్గరే కాబట్టి ఏటికొప్పాక వెళ్లినప్పుడు ఒక బొమ్మని సంచీలో పెట్టుకెళ్తాను, పక్కన పెట్టి చూసే కొంటాను. కొలువులో మాత్రం వీటిని కొండపల్లి బొమ్మల మధ్య పెట్టను, అవి మరీ చిన్నవి, ఇవి రాక్షసుల్లా కనిపిస్తాయి. వీటికి పక్కన వేరే మెట్టు.

దాచుకోవడం

మా ఇంట్లో నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. వానాకాలంలో పురుగు పట్టకుండా పట్టుచీరల బీరువాలో కలరా ఉండలు వేస్తాం. రెండు బొమ్మల్ని అందులోనే దాచాను. మూడు నెలల తర్వాత తీస్తే ప్లాస్టిక్ స్టాండు జిగటగా మెత్తబడి బొమ్మ పాదానికి అంటుకుపోయి ఉంది. ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లని మెత్తబరుస్తుంది. బొమ్మలున్న చోట కలరా ఉండలు అసలు వెయ్యకండి. తేమ కోసం సిలికా జెల్ పొట్లాలు చాలు.

తల, పాత బొమ్మల కాళ్లు మెత్తటి వినైల్‌తో చేసినవి. వేడికి, ఉక్కకి దానిలో కలిపిన నూనె లాంటి పదార్థం పైకి ఊరి జిడ్డుగా తగులుతుంది. గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసిన నీళ్లతో కడిగి ఆరబెడితే తగ్గుతుంది గానీ మళ్లీ వస్తుంది. గాలి ఆడే చోట పెడితే నెమ్మదిగా వస్తుంది. మూత బిగించిన ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి. కీళ్లున్న ఒంటి చేతులు, కాళ్లు గట్టి ప్లాస్టిక్ కాబట్టి ఆ బాధ తక్కువ. జుట్టుకి కట్టిన రబ్బరు బ్యాండ్లు కొన్న రోజే తీసెయ్యండి, మన వేడికి కరిగి వెంట్రుకల్లో పాకం అవుతాయి. బదులుగా మెత్తటి దారం కట్టండి. అద్దాల బీరువా ఎండ పడని గోడకి ఉండాలి.

ఎక్కువ రోజులు దాచేటప్పుడు చీర విప్పేసి, తెల్లటి మల్లు గుడ్డలో చుట్టండి. మోకాళ్లు, మోచేతులు చాచి, మెడ తిన్నగా పెట్టి, వెల్లకిలా పడుకోబెట్టండి. వంచి వదిలేసిన కీలు ఆ వంపులోనే అలిసిపోయి వదులవుతుంది. సంక్రాంతి కొలువు తీసిన రోజు రాత్రి నేను మొదట చేసే పని ఇదే. మూడు రోజులు ముగ్గు మీదకి వంగి ఉన్న బొమ్మని లేపి, మణికట్టు మెల్లగా వెనక్కి తిప్పి, రెండు మోకాళ్లూ చాచి పడుకోబెడతాను. మణికట్టు అతికించిన బొమ్మని చివర్లో తీస్తాను, తొందర లేకుండా.